నాన్నగారి పాత కారు తుక్కుకా, కొనేవారికా? బెంగళూరులో తేల్చుకునే పద్ధతి

కొత్త కారు కోసం షోరూముకు వెళ్తే ఈ మధ్య సేల్స్ కుర్రాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టగానే అడుగుతున్న ప్రశ్న, "పాత బండి ఉందా సార్, స్క్రాప్‌లో పెట్టేద్దామా?" అని. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో అపార్ట్‌మెంట్ సెల్లారులో నాన్నగారి కారు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నవాళ్లకు ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. అసోసియేషన్ నోటీసుల బెడద తీరుతుంది, కొత్త బండి ధరలో నాలుగు రూపాయలు తగ్గుతాయి. అయినా తొందరపడి తల ఊపకండి. తుక్కు కేంద్రం మీ కారును కిలోల లెక్కన కొంటుంది. అది ఏ మోడలు, అలాంటివి దేశంలో ఎన్ని మిగిలాయి, ఇంజను కంపెనీ నుంచి వచ్చినదేనా అన్నవి కాటాకు తెలియవు. వాటిని ముందుగా తేల్చుకోవలసింది మీరే. బండి తీసుకున్నందుకు తుక్కు కేంద్రం ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ ఒకసారి పుట్టిందంటే ఆ బండి రిజిస్ట్రేషన్ మళ్లీ బతకదు.

ముందు భయం వదిలించుకోండి

కేంద్రం తెచ్చిన వాహన తుక్కు విధానం స్వచ్ఛందమైనది. 2021 ఆగస్టు 13న ప్రధాని దాన్ని ప్రారంభించారు. తుక్కు కేంద్రాల నిబంధనలు ఆ సెప్టెంబరులో వచ్చాయి. పదిహేనేళ్లు దాటిన ప్రతి కారునూ నలిపేస్తారని బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటకు బెంగళూరులో ఆధారం లేదు. డీజిలు బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు అన్న ఆంక్షలు ఢిల్లీకీ దాని చుట్టుపక్కల ప్రాంతాలకూ సంబంధించినవి. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ముగిసేది ప్రభుత్వ వాహనాలకు, అది కూడా 2023 ఏప్రిల్ 1 నుంచి. మీ సొంత కారైతే పదిహేనేళ్లు నిండాక ఆర్టీవో దగ్గర బండి చూపించి, ఫిట్‌నెస్ నెగ్గితే ఐదేళ్లకు ఒకసారి పొడిగించుకుంటూ పోవచ్చు.

మొదటి పని: మీ కారు ఏ కోవలోదో చూసుకోండి

పాతబడినంత మాత్రాన కారుకు విలువ రాదు. 2008 నాటి డీజిలు బండి, అడుగు తుప్పు పట్టి, రెండుసార్లు ఇంజను విప్పినదైతే, దాని మీద ఇంట్లోవాళ్ల మమకారం తప్ప బయట గిరాకీ ఏమీ ఉండదు. అలాంటిదాన్ని నిశ్చింతగా తుక్కుకు ఇవ్వండి. ఈ భాగం, దీని తర్వాతి రెండు భాగాలు వదిలేసి, లెక్కల దగ్గర నుంచి చదువుకుంటే చాలు.

ఆగి ఆలోచించవలసినవి కొన్ని ఉన్నాయి. అంబాసిడర్, పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, కాంటెసా, మూడు తలుపుల టాటా సియెరా, 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800లో తొలి డబ్బా ఆకారపు మోడలు, జిప్సీ. వీటికి గిరాకీ ఉందని ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి ఎవరో ఒకరు మిమ్మల్ని ఆపుతారు. ఎవరూ ఆపనివి ఆ తర్వాతి తరం బళ్లు. 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్, పుణేలో 1995 నుంచి కూర్చిన డబ్ల్యూ124 మెర్సిడెస్, ఫియట్ పాలియో 1.6, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, రెండు తలుపుల మారుతి జెన్. చూపుకు ఇవి వట్టి పాత కార్లు. షోరూములో బండి వెల కట్టే మనిషికి వీటిలో కనిపించేది "ఇరవై ఏళ్ల పెట్రోలు బండి" ఒక్కటే. వాటి కోసం ఏళ్ల తరబడి వెతికేవాళ్లు ఇదే ఊళ్లో ఉన్నారన్న సంగతి అతనికి అక్కర్లేదు.

బెంగళూరువాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది రేవా. 2001లో ఈ ఊళ్లోనే పుట్టిన విద్యుత్ కారు అది. ఇనుప చట్రం మీద ప్లాస్టిక్ పలకలు తొడిగిన బండి కాబట్టి కాటా మీద పెడితే వచ్చేది మరీ తక్కువ. బ్యాటరీలు చచ్చిపోయాయని దాన్ని ఇనుము కింద తోసేయడం అన్యాయమని నా అభిప్రాయం. దేశంలో విద్యుత్ కార్ల చరిత్ర రాసేవాళ్లకు రేపు అది కావలసి వస్తుంది.

మోడలు మంచిదైతే సరిపోదు, మీ చేతిలో ఉన్న బండి సంగతి చూడాలి. ఆదివారం పొద్దున ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు, తెల్ల కాగితం, పెన్సిలు తీసుకుని సెల్లారుకు దిగండి. చాసిస్ నంబరు చెక్కిన చోటు తుడిచి, దాని మీద కాగితం పెట్టి పెన్సిలు ములుకును పక్కవాటుగా రుద్దండి. అంకెలు తెల్లగా పైకి తేలతాయి. ఆర్టీవోలో చేసేదీ ఇదే. ఆ అంకెలనూ, ఇంజను మీది అంకెలనూ ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడండి. పాత అంబాసిడర్లలో, పద్మినిల్లో పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను బిగించడం ఒకప్పుడు మామూలు. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందా, ఎక్కకపోతే పాత ఇంజను షెడ్డులో ఎక్కడైనా ఉందా అన్నది ధరను తలకిందులు చేస్తుంది. తర్వాత కార్పెట్లు ఎత్తి నేల రేకును స్క్రూడ్రైవరు కొసతో నొక్కి చూడండి. టంగుమంటే బాగున్నట్టు, మెత్తగా దిగబడితే రేకు పని ఉన్నట్టు. స్టెప్నీ గుంట, తలుపుల అడుగు అంచులు, సస్పెన్షన్ బిగించిన చోట్లు కూడా ఇలాగే. పైన తళతళలాడే రంగు చూసి మురిసిపోవద్దు.

ఇక ఇంట్లో వెతకండి. మొదటి రసీదు, కంపెనీ ఇచ్చిన పుస్తకం, రెండో తాళం చెవి, టూల్‌కిట్, సర్వీసు రసీదులు. అటక మీద బీరువాలో ఎక్కడో ఉంటాయి. మొదటి యజమాని నుంచే కొంటున్నామన్న ధీమాకు కొనేవాళ్లు విడిగా వెల కడతారు.

ధర ఎలా తెలుస్తుంది? ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రకటనలు చూసి లెక్క వేసుకోకండి. అక్కడ ఉన్నది అమ్మేవాళ్ల ఆశ. ఏడాదిగా అదే ప్రకటన అదే ధరతో వేలాడుతుంటే ఆ ధరకు కొనే నాథుడు లేడని అర్థం. పాత కార్ల సంఘాల వాళ్లు ఆదివారాలు బళ్లు బయటికి తీస్తారు, వాళ్లను కలిసి ఇలాంటిది చివరిసారి ఎంతకు చేతులు మారిందో అడగండి. జేసీ రోడ్డులో విడిభాగాల కొట్లకు వెళ్లి మీ మోడలుకు ముందు లైటో, తలుపో ఎంత అని కొనేవాడిలా అడగండి. "ఎన్ని కావాలి" అంటే ఆ బండి ఇంకా సాధారణమే. "దొరకదు, మీ దగ్గరుంటే చెప్పండి" అన్నారంటే రెండు సంగతులు ఒకేసారి తెలిసినట్టు: మీ కారుకు విలువ ఉంది, దాన్ని ఉంచుకోవడం ఖర్చుతో కూడిన పని.

ఇలా చూసుకోకుండా ఇచ్చేసిన సంఘటనలు ఇక్కడివే కావు. 2009లో అమెరికా ప్రభుత్వం పాత బళ్లు తెచ్చిస్తే కొత్తదాని మీద 3,500 లేదా 4,500 డాలర్లు తగ్గించింది. రెండు నెలలు తిరక్కుండానే సుమారు 6,77,000 బళ్లు వచ్చిపడ్డాయి. మళ్లీ రోడ్డెక్కకుండా వాటి ఇంజన్లలో నూనె తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, ఇంజను పట్టేసేదాకా తిప్పారు. పాతికేళ్లు దాటిన బళ్లను ఆ పథకంలో తీసుకోలేదు కాబట్టి మరీ పాతవి బతికిపోయాయి. మధ్య వయసువి చచ్చాయి. ప్రభుత్వం బయటపెట్టిన జాబితాలో మజెరాటీ బైటర్బో, ఆస్టన్ మార్టిన్ డీబీ7 లాంటి పేర్లు కూడా కనిపించాయి. మన పథకంలో ఆ మాత్రం పై గీత కూడా లేదు. ఎంత అపురూపమైన బండినైనా యజమాని ఇష్టపడి తెస్తే కేంద్రం తీసుకుంటుంది.

రెండో పని: ఉంచుకుంటే ఎంతవుతుందో చూడండి

పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆర్‌సీలో దిగుమతి బండి అని ఉంటే ఈ అంకెలు వరుసగా 40,000, 80,000. అందుకే డబ్ల్యూ124 ఉన్నవాళ్లు మొదట చూసుకోవలసింది అది పుణేలో కూర్చినదా, విదేశం నుంచి వచ్చినదా అన్నది. గడువు దాటితే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము కలుస్తుంది. మూడేళ్లుగా కదలని బండికి ఇది మెడకు చుట్టుకుంటుంది. వీటికి తోడు ఫిట్‌నెస్ కోసం టైర్లు, బ్రేకులు, పొగ పరీక్ష, బీమా.

ఇవన్నీ కలిపి ఐదేళ్ల ఖర్చు వేసుకోండి. ఉంచుకోవాలనే మనసు ఉండీ ఆ ఖర్చు భారమైతే, పొడిగింపు చేయించకముందే అమ్మడం కంటే చేయించి అమ్మడం మేలు. చెల్లుబాటు ఉన్న ఆర్‌సీతో బండి కొనేవాళ్లు పదిమంది ఉంటే, గడువు తీరినదాన్ని కొనే ధైర్యం ఒకరిద్దరికే ఉంటుంది, వాళ్లు కూడా గీసి గీసి బేరం ఆడతారు.

యాభై ఏళ్లు దాటిన బండికి దారి వేరు

తాతగారి కాలపు ఫియట్ లాంటివి ఉన్నవాళ్లకు తుక్కు మాటే అనవసరం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు ఇచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని కార్లు, ద్విచక్ర వాహనాలు ఇందులోకి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పొడిగింపుకు 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని వస్తుంది. రోజూ ఆఫీసుకు వేసుకువెళ్లడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కించాలి. నలభై ఎనిమిదేళ్ల బండి ఉన్నవాళ్లు ఇంకో రెండేళ్లు ఓపిక పట్టడానికి ఇదే కారణం.

మూడో పని: రెండు లెక్కలు పక్కపక్కన వేయండి

తుక్కు పథకం లాభాలు నాలుగు చోట్ల నుంచి వస్తాయి. ఇనుము వెల, కొత్త బండి జీవితకాల పన్నులో రాయితీ, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ, కంపెనీ తగ్గింపు. షోరూములో ఈ నాలుగూ కలిపి ఒక పెద్ద అంకె చెబుతారు. విడగొట్టి చూడండి.

తొమ్మిది లక్షల ఎక్స్ షోరూమ్ ధర ఉన్న కారు కొంటున్నారనుకుందాం. కర్ణాటకలో ఐదు నుంచి పది లక్షల మధ్య కార్లకు జీవితకాల పన్ను 14 శాతం, అంటే 1,26,000. కేంద్రం రాష్ట్రాలకు గీసిన గీత ప్రకారం సొంత బండి పన్నులో రాయితీ 25 శాతం దాకా ఉండవచ్చు. అంటే గరిష్ఠంగా 31,500. ఆ "దాకా" అన్నది ముఖ్యం. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రం చేతిలో ఉంటుంది, కాబట్టి నోటి మాట నమ్మకుండా మీ మోడలుకు పన్ను ఎంత పడుతుందో, సర్టిఫికెట్ పెడితే ఎంత తగ్గుతుందో డీలరు చేత కాగితం మీద వేయించుకోండి. రిజిస్ట్రేషన్ రుసుము మాఫీని గొప్పగా చెబుతారు, అది 600 రూపాయలు. కంపెనీల తగ్గింపు సంగతి: 2024 ఆగస్టులో చాలా కంపెనీలు ధరలో ఒకటిన్నర శాతం లేదా 20,000, ఏది తక్కువైతే అది ఇస్తామన్నాయి. తొమ్మిది లక్షలకు అది 13,500. ఆ హామీ కార్లకు ఏడాది గడువుతో ఇచ్చినది. మీరు కొనే రోజున ఏది నడుస్తోందో అడిగి తెలుసుకోవాలి.

ఇక ఇనుము. ఏడు వందల కిలోల బండి, కిలో 25 రూపాయలు అనుకుంటే 17,500. అన్నీ గరిష్ఠంగా కలిసివస్తే మొత్తం 63,100. కొత్త కారు ధరలో 4 నుంచి 6 శాతం తుక్కు విలువగా వస్తుందని విధానం ప్రకటించినప్పుడు చెప్పారు గానీ, కాటా దగ్గర ఆ శాతాలు ఎవరూ లెక్కపెట్టరు. ఇనుము ధర ఎంతో అంతే.

ఇప్పుడు రెండో లెక్క. అదే బండిని నేరుగా అమ్మితే వచ్చే ధర, లేదా ఎక్స్చేంజిలో ఇచ్చే ధర, దాని మీద ఎక్స్చేంజి బోనస్. ఒకే బండికి తుక్కు తగ్గింపూ ఎక్స్చేంజి బోనసూ రెండూ రావు. కంపెనీలు 2024లోనే ఆ మాట స్పష్టంగా చెప్పాయి. నడిచే స్థితిలో ఉన్న, కాగితాలు సరిగా ఉన్న ఏ మామూలు హ్యాచ్‌బ్యాకైనా చాలాసార్లు మొదటి లెక్కను దాటుతుంది. విలువైన బండి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక మినహాయింపు: 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తవే చవక అయితే పాతవి కొనేవాళ్లు ఇంకా గట్టిగా బేరం ఆడతారు. కాబట్టి రెండేళ్ల కిందటి ధర మనసులో పెట్టుకుని కూర్చోకండి.

నాలుగో పని: కాగితాల చిక్కులు విప్పండి

బెంగళూరులో ఉన్న మనవాళ్లకు ఎక్కువ కాలం పట్టేది ఇక్కడే. అమ్మినా, తుక్కుకు ఇచ్చినా ఈ పనులు తప్పవు.

అప్పు తీరిపోయి పదేళ్లైనా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. ఆ బ్యాంకు పేరు ఆంధ్రా బ్యాంకు అయితే? 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో, ఐఎన్‌జీ వైశ్యా 2015లో కొటక్‌లో, విజయా బ్యాంకు 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిశాయి. ఇప్పుడు ఆ పేరున్న బ్యాంకు శాఖకు వెళ్లి, పాత లోను నంబరుతో అప్పు తీరినట్టు పత్రం, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేయించే ఫారం 35 తీసుకోవాలి. లోను అనంతపురంలోనో నెల్లూరులోనో తీసుకుని ఉంటే బెంగళూరు శాఖ వాళ్లు అక్కడికే పొమ్మనే అవకాశం ఎక్కువ. ఊరికి పండుగకు వెళ్లినప్పుడు పెట్టుకోవలసిన పని ఇది, కాకపోతే పండుగ రోజు బ్యాంకు ఉండదని గుర్తుంచుకుని ఒక రోజు ముందు వెళ్లండి.

ఆర్‌సీ మీద పేరు చనిపోయిన నాన్నగారిదైతే మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. అమ్మాలంటే ఫారం 31 పెట్టి ముందు మీ పేరుకు మార్చుకోవడం తప్పదు. అక్కాచెల్లెళ్ల, అన్నదమ్ముల సంతకాలు కాగితం మీద ముందే పెట్టించండి. ఇనుము వెలకు పోతుందనుకున్న బండికి ఎవరో మంచి ధర ఇస్తామన్నారని తెలిశాక సంతకాలు అడగడం వేరే కథ.

చలానాలు చూసుకోండి. బెంగళూరువి ఒకటే కాదు, సంక్రాంతికి వెళ్లినప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో పడ్డవి కూడా. బాకీలున్న బండి తుక్కు దరఖాస్తు ముందుకు కదలదు. కర్ణాటకలో పాత జరిమానాల మీద అప్పుడప్పుడు సగం తగ్గిస్తారు. 2023 ఫిబ్రవరిలో, 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో అలాగే చేశారు. మళ్లీ ఎప్పుడిస్తారని కాచుకుని కూర్చోవడం మాత్రం దండగ.

మరీ పాత ఆర్‌సీ పుస్తకం రూపంలో ఉండి, దాని వివరాలు వాహన్ అనే కేంద్ర రిజిస్ట్రేషన్ డేటాబేసులో లేకపోతే, రిజిస్ట్రేషన్ అయిన ఆర్టీవోలో ఎక్కించాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆంధ్ర నంబరు బండిని బెంగళూరు దగ్గరి కేంద్రంలో ఇవ్వవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇవ్వవచ్చు. బండి ఎక్కడ రిజిస్టరైనా దేశంలో ఏ నమోదైన కేంద్రమైనా తీసుకోవచ్చు. దానితో కర్ణాటకలో కొనే కొత్త బండికి పన్ను రాయితీ ఎంత వస్తుందన్నది మాత్రం ముందు చెప్పినట్టే కాగితం మీద లెక్క వేయించుకున్నాకే ఇవ్వండి.

ఐదో పని: కేంద్రం, ధర

నమోదైన తుక్కు కేంద్రాల జాబితా పరివాహన్ వెబ్‌సైటులో ఉంటుంది. అందులో లేనివాళ్లకు ఇవ్వకండి. శివాజీనగర్ గుజరీలో ఇనుప సామాను వాళ్లు చేతిలో నగదు పెడతారు, రేటు కూడా ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది, కాని బండి ముక్కలైపోయాక కూడా ఆర్‌సీ మీ పేరునే బతికి ఉంటుంది. మీ నంబరు ప్లేటు ఇంకో బండికి ఎక్కితే సమాధానం చెప్పుకోవలసింది మీరు.

కేంద్రాలు సాధారణంగా ఊరి బయట ఉంటాయి. రెండు మూడింటికి ఫోను చేసి ఇవి అడగండి: ధర మొత్తం బరువు మీదా, ఇనుము భాగం మీద మాత్రమేనా? కాటా రసీదు ఇస్తారా? బండిని లాక్కెళ్లే ఖర్చు ఎవరిది? కెటలిటిక్ కన్వర్టరుకు, బ్యాటరీకి, అల్లాయ్ చక్రాలకు విడిగా వెల కడతారా? కన్వర్టరులో పల్లాడియం, ప్లాటినం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. దాని పేరెత్తకుండా మొత్తానికి ఒకే ధర చెప్పేవాడు మీకు దాన్ని ఉచితంగా ఇమ్మంటున్నట్టే. మీరే ముందు ఊడదీసి అమ్ముకుంటే బండి అసంపూర్ణంగా ఉందని ధర కోస్తారు. స్టీరియో, టూల్‌కిట్, పుస్తకం, కంపెనీ గుర్తు లాంటివి తీసుకుంటామని ముందే చెప్పి తీసుకోండి, ఎవరూ కాదనరు.

బండిని డీలరే తీసుకెళ్లి తుక్కు చేయిస్తానంటే ఒక్క షరతు పెట్టండి. డిపాజిట్ సర్టిఫికెట్ మీ పేరున రావాలి. తుక్కు పేరుతో తీసుకుని పాత బళ్ల బజారులో అమ్మేసుకునే పద్ధతి ఉంది. మంచి కారైతే ఆ ఆశ ఇంకా ఎక్కువ. ఎక్స్చేంజికి ఇస్తే మాత్రం డీలరుకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉందో లేదో చూసి, బండి అప్పగించినట్టు ఫారం 29సీ వాహన్‌లో పెట్టించండి. 2023 ఏప్రిల్ నుంచి ఆ ఏర్పాటు ఉంది. అడిగితే "అదేం అక్కర్లేదు సార్" అనేవాళ్లు ఎదురవుతారు. అక్కర్లేనిది వాళ్లకు.

ఆరో పని: అప్పగించే రోజు

బండిని నలుదిక్కుల నుంచి, నంబరు ప్లేటు, ఓడోమీటరు, చాసిస్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. సీట్ల కింద, డ్యాష్‌బోర్డు అరలో, డిక్కీలో చూడండి. నాణేలూ గుడి కుంకుమ పొట్లాలే కాదు, పాత బీమా పత్రాలు, ఇంటి తాళాలు కూడా దొరుకుతాయి. ఫాస్టాగ్ గీకేయండి. కాటా వేసేటప్పుడు పక్కనే నిలబడండి. బండి దొంగిలించినది కాదని హామీ పత్రం రాయించుకుంటారు, ఆర్‌సీ అసలు ప్రతి, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. డబ్బు ఖాతాలోనే తీసుకోండి.

కేంద్రం వాళ్లు బ్యాటరీ, నూనెలు, ఏసీ గ్యాసు తీసేశాక బండిని విప్పుతారు. చాసిస్ నంబరు ఉన్న రేకు ముక్కను కోసి ఆరు నెలలు దాచిపెట్టాలన్నది నిబంధన. మీకు రెండు పత్రాలు వస్తాయి: బండి తీసుకున్నందుకు డిపాజిట్ సర్టిఫికెట్, పూర్తిగా తుక్కు చేశాక మరొకటి. కొత్త బండికి పనికొచ్చేది మొదటిది. రెండోది పదిలంగా దాచుకోండి, ఎప్పుడైనా పోలీసు కబురు వస్తే చూపించవలసింది అదే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక

ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆర్‌సీ రద్దయినట్టు వాహన్‌లో కనిపిస్తోందా చూడండి. బీమా కంపెనీకి రాసి మిగిలిన కాలానికి ప్రీమియం వాపసు అడగండి, దానితో పాటు నో క్లెయిమ్ బోనస్ పత్రం కూడా. చాలామంది మర్చిపోయేది ఇదే. ఏళ్ల తరబడి క్లెయిమ్ చేయకుండా కూడబెట్టిన బోనస్ 50 శాతం దాకా ఉండవచ్చు, అది బండిది కాదు, మీది. పత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త కారు సొంత నష్టం ప్రీమియంలో తగ్గించుకోవచ్చు. ఖరీదైన కొత్త బండి అయితే ఈ ఒక్కటే కొన్నిసార్లు కంపెనీ తగ్గింపును మించుతుంది. ఫాస్టాగ్ ఖాతా మూసి డిపాజిట్ వెనక్కి తీసుకోండి.

కొత్త కారు కొనే ఉద్దేశం లేకపోతే డిపాజిట్ సర్టిఫికెట్‌ను వేరొకరికి బదిలీ చేయవచ్చు, అందుకు ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఆన్‌లైన్ వేదిక ఉంది. చుట్టాల్లో ఎవరైనా కొత్త బండి కొంటుంటే వాళ్లను ముందు అడగడం తేలిక. సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉంటుంది, ఒకసారి వాడితే అక్కడితో రద్దవుతుంది. కొనేవాళ్లైతే దసరాకో ఉగాదికో బండి ఇంటికి రావాలని ముహూర్తం పెట్టుకుని పాత బండిని వారం ముందు తోలుకెళ్లకండి. కాగితాలు ఎక్కడో ఒకచోట చిక్కుకుంటాయి. కొత్త బండికి పన్ను కట్టే సమయానికి సర్టిఫికెట్ నంబరు వాహన్‌లో ఎక్కి ఉండాలి. అది రాకముందే "పండుగకు డెలివరీ ఇచ్చేస్తాం, రాయితీ తర్వాత చూసుకుందాం" అని డీలరు అంటే, డెలివరీని పండుగ తర్వాతికి జరపమనండి.